షరియా ఆమోదముద్ర: బాధ్యత ఎవరిది?

1. ప్రవేశిక

ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రధానంగా మూడు నిషేధాలపై నిలిచిన వ్యవస్థ. అవి రిబా అనే వడ్డీ, ఘరర్ అనే మితిమీరిన అనిశ్చితి, మైసిర్ అనే జూదం. వీటిని పాటిస్తున్నామని చూపడానికి బ్యాంకులు షరియా పండితుల మండళ్లను నియమించుకుంటాయి. ఆ మండలి మాటను నమ్మి సామాన్య ఖాతాదారు తన సొమ్మును అప్పగిస్తాడు. అయితే ఆ ఆమోదం ఒప్పందపు రూపానికా, దాని ఫలితానికా? అది వీగిపోతే నష్టం ఎవరు భరించాలి? ఈ రెండు ప్రశ్నలను రెండు ఉదాహరణల ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తవర్రుక్: రూపమా, సారమా?

నగదు కావలసిన ఖాతాదారుకు బ్యాంకు ఒక సరుకును వాయిదాలపై ఎక్కువ ధరకు అమ్ముతుంది. అతని తరఫున తానే ఆ సరుకును మరొకరికి తక్కువ ధరకు వెంటనే అమ్మిపెడుతుంది. ఖాతాదారు ఆ సరుకును కోరడు, చాలాసార్లు చూడనైనా చూడడు. చేతికి నగదు, నెత్తిన అంతకు మించిన బాకీ మిగులుతాయి. ఫలితం దృష్ట్యా వడ్డీ అప్పుకూ దీనికీ భేదం స్వల్పం. అందుకే అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2009లో షార్జా సమావేశంలో ఇటువంటి వ్యవస్థీకృత తవర్రుక్ అనుమతించదగినది కాదని తీర్మానించింది. అదే సంవత్సరం మలేషియాలో ఇటువంటి లావాదేవీల కోసమే పామాయిల్ ఆధారంగా ‘బుర్సా సూక్ అల్ సిలా’ విపణి ప్రారంభమైంది. ఫిఖ్ సంప్రదాయంలో అభిప్రాయభేదం దోషం కాదు. ఏ అభిప్రాయాన్ని స్వీకరించాలో వ్యాపార సౌలభ్యం నిర్ణయించడమే దోషం.

3. దానా గ్యాస్ వివాదం

షార్జాకు చెందిన దానా గ్యాస్ సంస్థ 70 కోట్ల డాలర్ల సుకూక్ పత్రాలు 2017 అక్టోబరులో గడువు తీరవలసి ఉండగా, అవి షరియాకు అనుగుణంగా లేవని, యుఏఈ చట్టం ప్రకారం చెల్లవని ఆ సంస్థే జూన్‌లో ప్రకటించింది. పత్రాలను తిరిగి కొంటామన్న హామీ ఇంగ్లీషు చట్టానికి లోబడినది కనుక అది చెల్లుతుందని లండన్ హైకోర్టు నవంబరులో తీర్పు చెప్పింది. 2018లో వివాదం రాజీతో ముగిసింది.

నిషిద్ధమైన ఒప్పందం నుంచి లాభం పొందరాదన్న వాదన ధర్మబద్ధమే. కాని ఆ ధర్మం నిధులు సేకరించేనాడు కాక, చెల్లించవలసిన గడువు దగ్గర పడ్డాక గుర్తుకు రావడం విచారణీయం. ఇక్కడ షరియా మదుపరికి రక్షణగా కాక, రుణగ్రస్తునికి డాలుగా మారింది.

4. ముగింపు

మలేషియా 2009 నాటి కేంద్ర బ్యాంకు చట్టం షరియా సలహామండలి నిర్ణయాలకు న్యాయస్థానాలు కూడా కట్టుబడేలా చేసింది. ఇది అనిశ్చితిని తగ్గిస్తుంది, కాని రూపానికీ సారానికీ మధ్య ఉన్న దూరాన్ని చెరపదు. ఆమోదానికి గల కారణాలు బహిరంగం కావాలి. ఆ ముద్రతో నిధులు సేకరించిన సంస్థే తరువాత దాని లోపాన్ని చూపి బాధ్యత నుంచి తప్పుకునే వీలు ఉండకూడదు. విశ్వాసాన్ని చూపి సొమ్ము సేకరించినవారే ఆ విశ్వాసపు భారాన్ని కూడా మోయాలి.