బకెట్‌కి పంతొమ్మిది నిమిషాలు

చలికాలం పొద్దున్నే బకెట్‌లో హీటర్ రాడ్డు వేసి, కాసేపటికి వచ్చి నీళ్ళలో వేలు పెట్టి చూడటం చాలా ఇళ్ళలో అలవాటు. రాడ్డులో ఎక్కడైనా లీకేజీ ఉంటే ఆ వేలే ప్రాణం మీదికి తెస్తుంది. బడిలో ఉష్ణం పాఠంలో చదివిన చిన్న సూత్రం గుర్తుంటే వేలు పెట్టే పనే లేదు. ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, పెరగాల్సిన డిగ్రీలు, ఈ మూడూ హెచ్చిస్తే కావలసిన ఉష్ణం వచ్చేస్తుంది.

ఇరవై లీటర్ల బకెట్ అంటే 20 కిలోల నీళ్ళు. కిలో నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 4.2 కిలోజౌళ్ళు కావాలి, అదే నీటి విశిష్టోష్ణం. కుళాయి నీళ్ళు 20 డిగ్రీలుంటే, ఒంటికి హాయిగా ఉండే 40కి తేవడానికి 1,680 కిలోజౌళ్ళు. 1,500 వాట్ల రాడ్డు సెకనుకి ఒకటిన్నర కిలోజౌలు ఇస్తుంది కాబట్టి 1,120 సెకన్లు, అంటే పంతొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ. కరెంటు అర యూనిట్ లోపే. గాలికీ బకెట్‌కీ పోయే వేడి కోసం నేనింకో నిమిషం కలుపుతాను.

సగం బకెట్టే బాగా కాచి చన్నీళ్ళు కలుపుకుంటే కరెంటు కలిసొస్తుందంటారు. పది లీటర్లు 60 డిగ్రీలకు కాచి, పది లీటర్ల చన్నీళ్ళు పోసి చూడండి. చివరికి వచ్చేది అదే 40 డిగ్రీలు, అయ్యే ఖర్చు అదే 1,680 కిలోజౌళ్ళు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడైనా బిల్లు తగ్గదు. పైగా పిల్లలు తిరిగే ఇంట్లో 60 డిగ్రీల నీళ్ళంటే ఒళ్ళు కాలే ప్రమాదం.

ఒకే వేడి ఇచ్చినా ఒక్కో పదార్థం ఒక్కోలా వేడెక్కుతుందని స్కాట్లండ్‌లో శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1760ల్లో స్పష్టంగా చూపించారు. విశిష్టోష్ణం నీటికి 4.2 అయితే ఇనుముకు 0.45, రాగికి 0.39. అంటే పాతకాలపు ఐదు కిలోల రాగి కాగు ఆ ఇరవై డిగ్రీలు ఎక్కడానికి తీసుకునేది 40 కిలోజౌళ్ళ లోపే. మనం కట్టే డబ్బు దాదాపు అంతా నీళ్ళ కోసమే. నాకీ లెక్కలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

బకెట్ ఎన్ని లీటర్లో సీసాతో ఒక్కసారి కొలవండి, రాడ్డు మీద వాట్లు చూడండి, వచ్చిన నిమిషాలు స్విచ్చు పక్కన రాసిపెట్టండి. టైమయ్యాక ప్లగ్గు తీశాకే నీళ్ళు ముట్టుకోవాలి. ఆదిలాబాద్ చలిలో నీళ్ళు 15 డిగ్రీలకు దిగితే మరో ఐదు నిమిషాలు కలుపుకోండి.