పాఠం 6: రచయిత జీవితం, కాలం, నవల - 'మాలపల్లి' ఆధారంగా ఒక పరిశీలన

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రచయిత జీవితానికీ, నవలకూ ఉన్న సంబంధాన్ని ఆధారాలతో చూపగలుగుతారు.
• 1920 ప్రాంతపు ఆంధ్రదేశ పరిస్థితులు 'మాలపల్లి' నవలలో ఎలా కథగా మారాయో వివరించగలుగుతారు.
• జీవితచరిత్రాత్మక విమర్శకు ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

పరీక్షలో నవల మీద ప్రశ్న వస్తే చాలామంది ఒకే పద్ధతిలో జవాబు రాస్తారు. మొదట రచయిత పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చదువు, పొందిన బిరుదులు ఉంటాయి. ఆ తరువాత కథాసంగ్రహం. చివర, నవల ఆనాటి సమాజానికి అద్దం పట్టిందని ఒక వాక్యం. ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి జవాబులు దిద్దాను. వాటిలో తప్పులు తక్కువే. కానీ జీవిత విశేషాలకూ కథకూ మధ్య వంతెన ఉండదు. రచయిత ఊరి పేరు తీసేసి మరో రచయిత ఊరు పెట్టినా ఆ జవాబుకు ఏమీ కాదు. అంటే ఆ వివరం జవాబులో ఏ పనీ చేయడం లేదన్నమాట.

ఒక రచనను రచయిత జీవితం ద్వారా అర్థం చేసుకోవడాన్ని జీవితచరిత్రాత్మక విమర్శ అంటాం. అది పుట్టిన కాలం ద్వారా అర్థం చేసుకోవడాన్ని చారిత్రక విమర్శ అంటాం. ఈ రెండింటినీ ఎలా వాడాలో, ఎక్కడ ఆపాలో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' ఆధారంగా ఇప్పుడు పరిశీలిద్దాం. దీనికి 'సంగవిజయం' అనే మరో పేరు కూడా ఉంది.

6.2 రచయిత జీవితం: ఏ వివరం కావాలి?

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877-1958) గుంటూరు ప్రాంతంలోని వేములూరుపాడులో, బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. కందుకూరి వీరేశలింగం సంస్కరణోద్యమ ప్రభావంతో వితంతు వివాహాల కోసం పనిచేశారు. ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. గాంధీజీ పిలుపుతో సహాయ నిరాకరణోద్యమంలోకి వచ్చారు. పలనాటి పుల్లరి సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 'మాలపల్లి' జైలులో రాసిన నవల. 1922లో అచ్చయింది. స్త్రీ విద్య కోసం గుంటూరులో శారదా నికేతనం స్థాపించినదీ ఆయనే.

ఇన్ని వివరాల్లో మీ జవాబుకు ఏవి కావాలి? దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ వివరం నవలలో ఏ సన్నివేశాన్ని, ఏ పాత్రను, ఏ మాటను అర్థం చేసుకోవడానికి పనికి వస్తుందో చూపండి. చూపగలిగితే ఉంచండి. చూపలేకపోతే తీసేయండి.

ఉదాహరణకు, ఆయన న్యాయవాది అన్న విషయం తీసుకుందాం. నవలలో పోలీసులు, కేసులు, శిక్షలు కథను నడిపిస్తాయి. మంగళాపురంలో రామదాసు కుటుంబం మీద పడిన కష్టాలు ఒక దుర్మార్గుడి వల్ల మాత్రమే వచ్చినవి కావు. డబ్బున్నవాడి చేతిలో చట్టం ఎలా పనిచేస్తుందో కూడా రచయిత చూపుతాడు. ఇది కోర్టును లోపలి నుంచి చూసినవాడి చూపు. ఇక్కడ 'న్యాయవాది' అన్న వివరానికి పని ఉంది. డబ్లిన్ సంగతి అలా కాదు. ఆ దశకంలో ఐర్లండులో స్వపరిపాలన వాదం బలంగా ఉంది. 1913లో డబ్లిన్ కార్మికులకూ యజమానులకూ మధ్య పెద్ద పోరాటమే జరిగింది. ఇది ఆసక్తికరమైన విషయమే. అయినా రెండు విషయాలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. నవలలో ఆధారం చూపకుండా ఉన్నవ డబ్లిన్‌లో చూసినదే మంగళాపురంలో రాశారని రాస్తే అది ఊహే అవుతుంది.

6.3 కాలం: కూలి తగాదా, భాష

కాలం అనగానే స్వాతంత్ర్యోద్యమం అని రాసి ఊరుకుంటాం. 'మాలపల్లి' కాలాన్ని ఇంకా దగ్గరగా చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలై 1918లో ముగిసింది. ఆ సంవత్సరాల్లో తిండిగింజల ధరలు బాగా పెరిగాయి. పల్లెల్లో కూలి ఇచ్చే పద్ధతులు రెండు: గింజలు కొలిచి ఇవ్వడం, డబ్బు ఇవ్వడం. ధర పెరిగినప్పుడు కూలి గింజల్లో వస్తే కూలివాడి కుటుంబానికి తిండికి లోటుండదు. అదే కూలి పాత లెక్క ప్రకారం డబ్బులో ఇస్తే, ఆ డబ్బుకు గింజలు తక్కువ వస్తాయి. మిగులు రైతు గాదెలో ఉండిపోతుంది. ఈ లెక్క తెలిస్తేనే నవలలోని కూలి తగాదా బరువు అర్థమవుతుంది. రామదాసు కొడుకు సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి మంచి స్నేహితుడు. కూలీల పక్షాన నిలిచిన ఈ సంగదాసు చౌదరయ్య చేతిలోనే చనిపోతాడు. కోపంలో జరిగిన హత్యగా మాత్రమే చదివితే ఇది రెండు పాత్రల కథ. ఆనాటి ధరల నేపథ్యంలో చదివితే ఇది రెండు వర్గాల కథ.

పల్నాడులో 1921-22లో జరిగిన పుల్లరి సత్యాగ్రహం కూడా ఇటువంటిదే. అడవిలో పశువులు మేపుకున్నందుకు ప్రభుత్వం వసూలు చేసే పన్ను పుల్లరి. ఊరివాళ్లు కట్టం అన్నారు. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. మేత, కూలి, గింజ వంటి మాటలు రాజకీయమైన కాలం అది. ఉన్నవ ఆ రాజకీయాన్ని ఉపన్యాసంగా కాక ఒక కుటుంబం కథగా మలిచారు.

భాషలో కూడా కాలం కనిపిస్తుంది. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం అప్పటికి జోరుగా ఉంది. ఉన్నవ నవలకు వాడుక భాషను ఎంచుకున్నారు. పల్లె మనుషులు గుంటూరు సీమ పలుకుబడిలో మాట్లాడుకుంటారు. పాలేరు నోట గ్రాంథికం పలికిస్తే అతడు వేషం వేసుకున్నట్టు ఉంటుంది. మాలపల్లి మనుషులకు కథలో చోటివ్వడం, వాళ్ల మాటకు పుస్తకంలో చోటివ్వడం ఒకే నిర్ణయానికి రెండు ముఖాలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
కూలి గింజల్లో ఇవ్వడానికీ, డబ్బులో ఇవ్వడానికీ ఉన్న తేడా తెలుసుకోవడం వల్ల సంగదాసు మరణం గురించి మన అవగాహన ఎలా మారుతుంది? ఐదు వాక్యాల్లో రాయండి.

6.4 రెండు జైళ్లు

ఉన్నవ జైలులో ఉండి రాశారు. నవలలో జైలు జీవితం విస్తారంగా ఉంది. కాబట్టి జైలు అనుభవమే నవల అయిందని తేల్చేయవచ్చా? తొందరపడకుండా ఇంకో రచయితను చూద్దాం.

ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తండ్రి 1824లో అప్పు తీర్చలేక లండన్‌లోని మార్షల్‌సీ జైలు పాలయ్యాడు. పన్నెండేళ్ల చార్లెస్ బూటు పాలిష్ తయారుచేసే చోట పాలిష్ జాడీలకు చీటీలు అతికించే పనికి కుదిరాడు. ఈ సంగతి ఆయన పాఠకులకు చెప్పలేదు. 1849-50లో వెలువడిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో మాత్రం ఒక కుర్రవాడు గిడ్డంగిలో సీసాలు కడుగుతాడు. మికాబర్ అనే వ్యక్తి అప్పుల వల్ల జైలుకు వెళతాడు. డికెన్స్ 1870లో మరణించాక స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర ద్వారా అసలు విషయం లోకానికి తెలిసింది. అంటే దాదాపు ఇరవై ఏళ్లపాటు పాఠకులు ఆ నవలను రచయిత బాల్యం తెలియకుండానే చదివారు, మెచ్చుకున్నారు.

దీని నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, నవల తన కాళ్ల మీద తాను నిలబడగలగాలి. జీవితచరిత్ర దానికి ఊతకర్ర కాదు. రెండు, జీవితం నవలలోకి ఉన్నదున్నట్టు రాదు. డికెన్స్‌ను బాధపెట్టిన తండ్రి అప్పు, నవలలో నవ్వించే మికాబర్ అయింది. గాయం హాస్యంగా మారింది. విమర్శకుడు గమనించవలసింది ఈ మార్పునే.

ఇప్పుడు ఉన్నవ దగ్గరికి వద్దాం. ఆయన రాజకీయ ఖైదీ. జైలుకు వెళ్లడం ఆనాడు గౌరవం. బయటికి వస్తే పూలదండలు వేసేవారు. కానీ నవలలో ఆయన తన వంటి దేశభక్తుడిని జైలు కథకు నాయకుడిగా చేయలేదు. రామదాసు కుటుంబాన్ని ఆ గోడల వెనక్కు పంపారు. వాళ్లకు జైలు కీర్తి కాదు, పేదరికానికి కొనసాగింపు. తన అనుభవాన్ని తనకంటే అధ్వాన్నమైన స్థితిలో ఉన్నవాళ్లకు ఇచ్చి చూడడమే ఇక్కడ జరిగిన మార్పు. రచయిత జైలుకు వెళ్లారని రాస్తే అది సమాచారం. జైలు అనుభవాన్ని ఎవరి కథగా మార్చారో రాస్తే అది విమర్శ.

6.5 రామదాసు మా తాతలా లేడు

చాలా ఏళ్ల క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఈ నవల చెబుతున్నాను. వెనుక బల్లలో కూర్చున్న ఒక విద్యార్థి లేచాడు. పగలు పని చేసుకుంటూ చదువుకుంటున్నవాడు, మాలపల్లిలోనే పుట్టి పెరిగినవాడు. "సార్, రామదాసు మా తాతలా లేడండీ. అన్నిటికీ వేదాంతం చెబుతాడు. మా తాతకు కోపం వచ్చేది" అన్నాడు.

నేను వెంటనే ఉన్నవ గారి త్యాగాలు ఏకరువు పెట్టాను. అగ్రకులంలో పుట్టి 1922లోనే మాల కుటుంబాన్ని నవలకు కేంద్రం చేయడం ఎంత సాహసమో చెప్పాను. అతడు "సరేనండీ" అని కూర్చున్నాడు. నేను చెప్పిందంతా నిజమే. కానీ అతడు అడిగింది రామదాసు గురించి. నేను జవాబు చెప్పింది ఉన్నవ గురించి. రచయిత జీవితాన్ని ఒక యోగ్యతాపత్రంలా చూపించి పాఠకుడి ప్రశ్నను ఆపేశాను. ఆ పొరపాటు మీరు చేయకూడదు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు ఎలా వెతకాలి? రామదాసు వంటి భక్తుడు మాలపల్లిలో ఉండడం అసాధ్యమేమీ కాదు. మాలదాసరుల వైష్ణవ భక్తి సంప్రదాయం తెలుగు నేల మీద ఉన్నదే. కాబట్టి అతడు అబద్ధం కాదు. కానీ అతడు ఒక ఎంపిక. ఎందరో రామదాసులు, ఎందరో కోపిష్ఠి తాతలు ఉన్న పల్లెలో రచయిత ఈయననే ఎందుకు ఎంచుకున్నారు? ఇక్కడ జీవితమూ కాలమూ మనకు నిజంగా ఉపయోగపడతాయి. సహనాన్ని అత్యున్నత గుణంగా నిలిపిన గాంధీయుగం అది. పుస్తకం కొని చదవగలిగినవారిలో ఎక్కువమంది అగ్రకులాలవారు. వాళ్లు గౌరవించే భక్తి, తత్వజ్ఞానం, ఓర్పు వంటి గుణాలనే రామదాసుకు ఇచ్చి, ఇతడిని ఎలా అంటరానివాడంటారని అడిగినట్టుంది. ఈ ఎత్తుగడకు బలమూ ఉంది, పరిమితీ ఉంది. మనిషి గౌరవం పొందడానికి ముందు ఋషి కావాలా అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. దళిత సాహిత్య విమర్శ నేర్పిన చూపుతో చదివితే ఈ ప్రశ్న తప్పించుకోలేనిది.

అయితే నవల అక్కడితో ఆగలేదు. రామదాసు మరో కొడుకు వెంకటదాసు తమ్ముడి మరణం తరువాత 'తక్కెళ్ల జగ్గడు' అనే పేరుతో ధనికులను దోచి పేదలకు పంచే దారి పట్టాడు. అహింసను నమ్మిన రచయిత ఈ పాత్రను తేలిగ్గా తీసేయలేదు. అతడి సమతాధర్మానికి నవలలో గట్టి గొంతు ఇచ్చారు. విద్యార్థి అడిగిన తాత కోపం ఈ నవలలో ఉంది. తండ్రిలో కాదు, కొడుకులో ఉంది. రచయిత జీవితం మాత్రమే చదివినవారు గాంధేయ నవల ఒకటి ఆశిస్తారు. నవల చదివినవారికి గాంధీ మార్గమూ, 1917 రష్యా విప్లవం తరువాతి ఆలోచనలూ ఒకే ఇంట్లో వాదులాడుకోవడం కనిపిస్తుంది. మంచి నవల రచయిత అభిప్రాయాల కంటే విశాలంగా ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అవసరం లేదు. ఆ రోజు ఆ విద్యార్థికి నేను చెప్పవలసిన జవాబు ఇదే.

6.6 నవల తరువాతి కాలం

కాలం నవలను తయారుచేయడంతో ఊరుకోదు, దాన్ని చదువుతుంది కూడా. మద్రాసు ప్రభుత్వం 'మాలపల్లి'ని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అనుమతించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెడితే, 1936లో మళ్లీ తొలగించవలసి వచ్చింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చిన తరువాత ఆంక్షలు తొలగిపోయాయి. అంటే మీరు ఇవాళ సిలబస్‌లో చదువుతున్న నవల ఒకప్పుడు సిలబస్ నుంచి తీసేసిన నవల. పరీక్ష కోసం చదువుతున్నప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి.

6.7 సారాంశం

రచయిత జీవితం నవలకు ముడిసరుకు ఇస్తుంది. కాలం ఆ సరుకుకు బరువు ఇస్తుంది. కానీ ఏది ఎంచుకోవాలి, ఎవరి కథగా మార్చాలి అన్నది రచయిత చేసిన పని. మన పరిశీలన ఆ పని మీద ఉండాలి. నవలలో చూపగలిగిన జీవిత వివరాన్నే జవాబులో వాడాలి. రచయిత మంచితనాన్ని నవల మీది ప్రశ్నలకు అడ్డుగోడగా పెట్టకూడదు. మీ జీవితం, మీ కాలం కూడా మీ చదువులో ఉంటాయి. నవలలో ఒక పాత్ర మీ తాతలా లేకపోతే ఆ మాట రాయండి. ఎందుకు లేదో నవలలోనే వెతకండి.

6.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. 'మాలపల్లి' నవలలో జైలు అనుభవం ఎలా రూపాంతరం చెందిందో చర్చించండి.
2. రామదాసు, వెంకటదాసు పాత్రలను ఆనాటి రెండు ఆలోచనా మార్గాల దృష్టితో పోల్చండి.
3. జీవితచరిత్రాత్మక విమర్శ ప్రయోజనాలను, పరిమితులను మీరు చదివిన ఏదైనా మరో తెలుగు నవల ఆధారంగా వివరించండి.