పొయ్యి ఆరిన కడుపు

"ఆకలేస్తోందా?" అని అడిగాడాయన.

నేను చెప్పుకుందామని వెళ్లింది వేరే సంగతి. రెండేళ్లుగా నా కడుపు నా మాట వినడం లేదు. నాలుగు రోజులు బిగదీసుకుపోతుంది, ఐదో రోజు తెల్లారకముందే మూడుసార్లు పరుగెత్తిస్తుంది. వెళ్లొచ్చాక కూడా తృప్తి ఉండదు. మధ్యాహ్నం తిన్నది రాత్రిదాకా ఛాతీ కింద రాయిలా కూర్చుంటుంది. ఇవన్నీ వరుసగా అప్పజెప్పుదామని అశ్వారావుపేట నుంచి దమ్మపేట వైపు పామాయిల్ తోటలు దాటుకుని వైద్యం చేసే ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన మలం ఊసెత్తలేదు, ఆకలి గురించి అడిగాడు. ఆకలై తిని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు. ఒంటిగంట అయింది కాబట్టి తింటున్నాను, అంతే.

"అదే మరి బాబూ. పొయ్యి ఆరిపోయింది. నువ్వేమో రోజూ బూడిద ఎత్తిపోస్తున్నావు."

బూడిద ఎత్తిపోయడమంటే రాత్రిపూట నేను వేడినీళ్లలో కలుపుకుంటున్న పొడి. "ఆయుర్వేదమే సార్, ఏం కాదు" అని ఒక కొట్టులో అంటగట్టిన డబ్బా. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే ముప్పావు వంతు సునాముఖి ఆకే. సునాముఖి పెద్దపేగును గిల్లి కదిలిస్తుంది. ఎప్పుడో ఒకరోజు వేసుకుంటే మంచి మందే. రోజూ వేసుకుంటే మాత్రం గిల్లితే తప్ప కదలనని పేగు భీష్మించుకుంటుంది. మొదట నాకు ఒక చెంచా చాలేది, ఏడాది తిరిగేసరికి రెండు చెంచాలైంది. ఆయుర్వేదం పేరుతో ఇవాళ అమ్ముడుపోయే కడుపు మందుల్లో ఈ బాపతువి చాలానే ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, ఇలాంటి కడుపుకి చరక సంహిత చెప్పిన చికిత్సలో సునాముఖి పేరే కనిపించదు.

చరకుడు ఈ రోగాన్ని చికిత్సా స్థానంలో 15వ అధ్యాయంగా పెట్టాడు. పేరు గ్రహణి. అన్నాన్ని అరిగేదాకా పట్టి ఉంచి, అరిగాక కిందికి వదిలే చోటు కాబట్టి ఆ పేరు. అగ్ని ఉండేది అక్కడే అంటాడు. అగ్ని బలంగా ఉన్నన్నాళ్లు గ్రహణి తన పట్టు వదలదు. అగ్ని సన్నగిల్లితే పచ్చిది పచ్చిగానే కిందికి జారుతుంది, లేదంటే మురిగి అక్కడే నిలబడిపోతుంది. అందుకే ఒకే మనిషికి ఒకసారి బిగుసుకోవడం, ఒకసారి జారడం. రెండూ రెండు రోగాలు కావు. మలబద్ధకానికి ఒక మాత్ర, విరేచనాలకు మరో మాత్ర జేబులో పెట్టుకు తిరిగే నాబోటివాడికి ఈ ఒక్క మాటే పెద్ద ఊరట.

అగ్ని నాలుగు రకాలు. వేళకు తిన్నది వేళకు అరిగించేది సమాగ్ని. ఒకరోజు రాళ్లనైనా అరిగించి మరునాడు గంజిని కూడా అరిగించలేనిది విషమాగ్ని, వాతం పని. ఎంత తిన్నా మాడ్చేసి మళ్లీ తెమ్మనేది తీక్ష్ణాగ్ని, పిత్తం పని. కొంచెమే తిన్నా బరువెక్కి, నోట్లో నీళ్లూరి, నిద్ర ముంచుకొచ్చేది మందాగ్ని, కఫం పని. వైద్యుడు ముందు తేల్చుకోవలసింది ఇదే. ఈ లెక్క తేలకుండా మందు పేరు అడగడం దండగ. పిత్తం వల్ల మంటగా, పచ్చగా పోయేవాడికి పిప్పలి, చిత్రమూలం పోస్తే మండే ఇంటిమీద కిరసనాయిలు పోసినట్టే.

చికిత్సకు ఒక వరుస ఉంది. ముందు అరగని సరుకును, ఆయుర్వేదం ఆమం అనేదాన్ని, పక్వం చెయ్యాలి. లంఖణం పరమౌషధమని మన ఇళ్లలో వాడుకగా అనే మాట ఇక్కడికి సరిపోతుంది. అయితే లంఖణమంటే పస్తే కానక్కర్లేదు, తేలికగా తినడం కూడా. ధనియాలు, శొంఠి వేసి కాచిన నీళ్లు, పలచని గంజి, తర్వాత చిక్కని గంజి, ఆ తర్వాత మెత్తని అన్నం. జ్వరం తగ్గినవాడికి అమ్మమ్మలు పథ్యం పెట్టే వరుస ఇదే. రెండో మెట్టు దీపనం, అంటే మంట రాజెయ్యడం. శొంఠి, పిప్పలి, మోడి, చవ్యం, చిత్రమూలం కలిసిన పంచకోలం ఈ పనికి పెట్టింది పేరు. మూడో మెట్టు వినగానే నేను ఉలిక్కిపడ్డాను: నెయ్యి. ఆరిన అగ్నిని నిలబెట్టడానికి మందులతో కాచిన నెయ్యిని మించింది లేదని చరకుడి అభిప్రాయం. చితుకులు వేస్తే మంట భగ్గుమని ఆరిపోతుంది, చేవ ఉన్న కట్టె వేస్తే నిలుస్తుంది. కానీ ఆమం పోకముందే నెయ్యి పోస్తే పచ్చికట్టె మీద పోసినట్టు పొగే మిగులుతుంది. ఇక్కడ వరుస తప్పితే అంతా తప్పినట్టే.

హింగ్వాష్టక చూర్ణం కూర్పు చూస్తే ఈ ఆలోచన తెలుస్తుంది. శొంఠి, మిరియాలు, పిప్పలి, అజమోదం, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ. ఎనిమిదిలో ఏడు ఏ తెలుగు వంటింట్లోనైనా దొరికేవో, నాలుగడుగులు వేసి తెచ్చుకునేవో. దీన్ని నీళ్లతో మింగరు. భోజనంలో మొదటి ముద్దకు నెయ్యి వేసి, అందులో కలుపుకుని తింటారు. మందుకు భోజనంలోనే చోటిచ్చారు.

నాకు పెద్దాయన ఇచ్చింది అది కూడా కాదు. మజ్జిగ.

చిన్నబోయాను. ఇంత దూరం వచ్చింది చల్ల తాగమనిపించుకోడానికా? కానీ గ్రహణికి మజ్జిగ కేవలం పథ్యం కాదు, అసలు మందు. తేలిక, వగరు పులుపు, అగ్నిని రాజేసే గుణం, జారేదాన్ని పట్టి ఉంచే గుణం ఒకేచోట కలిసిన పదార్థం అది. పాలు అరగనివాళ్లకు కూడా మజ్జిగ పడటానికి ఇవాళ్టి కారణం ఒకటి చెప్పుకోవచ్చు: తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్ కొంత తగ్గుతుంది. అయితే మనం హోటల్లో తాగే మజ్జిగ, వైద్యుడి తక్రం ఒకటి కావు. మీగడతో సహా నీళ్లు పోయకుండా చిలికితే ఘోలం. మీగడ తీసి నీళ్లు లేకుండా చిలికితే మథితం. పెరుగుకు నాలుగో వంతు నీళ్లు పోస్తే తక్రం, సగం పోస్తే ఉదశ్విత్తు. వెన్న సంగతిలోనూ మూడు అంతస్తులు: అగ్ని బాగా చితికినవాడికి వెన్న మొత్తం తీసింది, కొంచెం మేలైనవాడికి సగం తీసింది, బలం ఉన్నవాడికి తియ్యనిది.

పెద్దాయన కోడలు వసారాలో కవ్వంతో చిలుకుతుంటే చూశాను. రాత్రి తోడుపెట్టిన పెరుగు, పుల్లబడనిది. వెన్న తేలేదాకా చిలికి, ముద్ద తీసి పక్కన పెట్టి, తేటను గుడ్డలో వడగట్టింది. ఇనుప గరిటెలో జీలకర్ర పొడిగా వేయించింది, చిటపటలు ఆగి రంగు మారగానే దించేసింది. రోట్లో రెండు దంపులు, ఆపైన చిటికెడు సైంధవం, గోరంత శొంఠి. "మిక్సీలో తిప్పితే కాదా?" అన్నాను. "తిప్పండి. వెన్న తియ్యకుండా తాగితే మాత్రం మీ మామయ్యగారు ఊరుకోరు" అని నవ్వింది. ఆయన నాకు ఎప్పుడు మామయ్య అయ్యాడో తెలియలేదుగానీ గ్లాసు అందుకున్నాను.

మజ్జిగ తాగే పద్ధతి చరకుడిదే. ఏడు రోజులు, పది రోజులు, పక్షం, లేదా నెల. అన్నం తగ్గిస్తూ మజ్జిగ పెంచుకుంటూ వెళ్లి, ఎంత మెల్లగా పెంచామో అంతే మెల్లగా తగ్గిస్తూ వెనక్కి రావాలి. హఠాత్తుగా మానకూడదు. అగ్ని మరీ చితికినవాడికి సాయంత్రం పేలాల పిండి మజ్జిగలో కలిపి ఇస్తారు, అంతకుమించి ఏమీ ఉండదు. నాకంత అవసరం పడలేదు, రెండు పూటలా అన్నం ఉంచాడు. మంట, పుండు, రక్తం పడటం ఉన్నవాళ్లకు మజ్జిగ వద్దనే నిషేధం కూడా శాస్త్రంలోనే ఉంది.

ఇక అడవి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యేదాకా మాది ఖమ్మం జిల్లా. తూర్పున కాలు చాపితే ఆంధ్ర, జీలుగుమిల్లి. గ్రహణికి పనికొచ్చే సరుకులో సగం ఈ అంచు అడవుల్లోనే ఉంది. కరక్కాయ సంగతే చూడండి. నమిలితే ఆకలి పెంచుతుంది, నూరి పుచ్చుకుంటే విరేచనం చేస్తుంది, ఉడికించి తింటే మలాన్ని కడుతుంది, వేయిస్తే మూడు దోషాలనూ అణుస్తుందని 16వ శతాబ్దపు భావప్రకాశం చెబుతుంది. కాయ ఒక్కటే, చేసే పద్ధతిని బట్టి గుణం తలకిందులవుతుంది. తోడు కూడా ఋతువును బట్టి మారుతుంది: వానాకాలం సైంధవంతో, శరత్తులో పంచదారతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పలితో, వసంతంలో తేనెతో, ఎండాకాలం బెల్లంతో. ఏడాది పొడవునా ఒకే డబ్బా పొడి మింగేవాడికి ఈ నేర్పు ఎప్పటికి అందాలి?

మారేడుదీ ఇలాంటి పేచీయే. పండ్లన్నీ మగ్గితేనే గుణమైతే, మారేడు మాత్రం పచ్చిదే గొప్ప. లేత కాయ ముక్కలు ఎండబెట్టి వాడితే జారే కడుపును పడుతుంది. మగ్గిన పండు గుజ్జు బరువు, అరగడం కష్టం. వేసవిలో మారేడు పండు షర్బత్ తాగి "గ్రహణికి మంచిదంట" అనుకునేవాళ్లు పొరబడుతున్నారు.

కొడిశపాల దగ్గర మోసం జరుగుతుంది. సంస్కృతంలో కుటజం, దాని పట్టతోనే కుటజారిష్టం. కోయ, కొండరెడ్డి గూడేల్లో రక్తవిరేచనాలకు ఈ పట్ట వాడుక పాతదే. దీనికి అచ్చం చుట్టంలా ఉండే అంకుడు చెట్టు, ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్ర, దీని పేరు మీద బజారుకొస్తుంది. కాయలు చూడండి: అంకుడు కాయలు జంటగా వేలాడుతూ కొసల దగ్గర అతుక్కుని ఉంటాయి, కొడిశపాలవి విడివిడిగా. అనుమానముంటే గింజ కొరకండి. కొడిశపాల చేదు నాలుక్కి పట్టి అరగంట వదలదు.

అన్నిటికన్నా నన్ను నవ్వించింది తుంగ. మా పొలాల్లో తుంగంటే కలుపు, వ్యవసాయ కళాశాల పిల్లలు దాన్ని కలుపు మొక్కగానే చదువుతారు, రైతులు డబ్బు పోసి మందు కొట్టి చంపుతారు. పట్టి ఉంచడం, ఆకలి రాజెయ్యడం, అరిగించడం ఒక్క చేత్తో చేసేవాటిలో చరకుడు మొదటి స్థానం ఇచ్చింది ఈ తుంగగడ్డకే.

ఈ గ్రహణి తెలుగువాళ్లకు ఇంకో చోట కూడా తగిలింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే రోగంతో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా నీళ్లలా పోయి, రక్తం క్షీణించే ఆ జబ్బును మన వైద్యులు సంగ్రహణి అంటారు. సుబ్బారావుకూ అదే పట్టుకుంది. అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు మళ్లిన ఆచంట లక్ష్మీపతి వైద్యంతో ఆయన కోలుకున్నాడు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పాడు. అక్కణ్నుంచి అమెరికా వెళ్లాడు. ఆయన నడిపించిన లెడర్లీ పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆయన పోయిన 1948లోనే అక్కడి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. ఇవాళ స్ప్రూకి డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకు వాడే మందులు రెండిటికీ దారి ఆయన ప్రయోగశాల తలుపులోంచే పడింది. ఆయుర్వేదం గొప్పదా, అల్లోపతి గొప్పదా అని వాదించే వాళ్లకు నేను ఆయన కథ చెబుతుంటాను. ఆ మనిషి రెండింటికీ రుణపడ్డాడు.

అందుకే ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, సాయంత్రాలు జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, నలభై అయిదు దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా మజ్జిగ పక్కన పెట్టి ముందు పెద్దాసుపత్రికి వెళ్లాలి. పేగు క్షయ మన దగ్గర అరుదైంది కాదు, అది గ్రహణిలాగే వేషం వేస్తుంది. వానాకాలంలో ఏజెన్సీ గూడేల్లో వచ్చే వాంతులు విరేచనాలకు ఓఆర్‌ఎస్ ముందు, కషాయం తర్వాత. గ్రహణికి ఇచ్చే పర్పటి మందులతోనూ జాగ్రత్త. పాదరసం, గంధకం నల్లటి కజ్జలిగా నూరి, నెయ్యి రాసిన గరిటెలో కరిగించి, పేడ మీద పరిచిన అరటాకు మీద పోసి, పైనుంచి మరో ఆకుతో నొక్కి అప్పడంలా తీస్తారు. చూడ్డానికి అద్భుతమైన పనితనం. సొంత వైద్యానికి మాత్రం పనికిరాదు. చిత్రమూలం కూడా అంతే: పచ్చి వేరు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, సున్నపు తేటలో శుద్ధి చేశాకే వాడతారు, గర్భిణులు దాని జోలికే పోకూడదు.

నా సంగతి. మొదటి వారం పెద్ద తేడా లేదు, పైగా డబ్బా పొడి మానేసినందుకు ఒళ్లంతా చిరాకు. రెండో వారం ఉబ్బరం తగ్గింది. ఇరవయ్యో రోజు కాబోలు, అశ్వారావుపేట బస్టాండు దగ్గర పదకొండు గంటలకు మిర్చి బజ్జీల వాసనకు కడుపులో ఏదో కదిలింది. నొప్పనుకున్నాను. కాదు, ఆకలి. బజ్జీ కొనలేదు, ఇంటికెళ్లి పన్నెండున్నరకు అన్నం తిన్నాను. సాయంత్రం పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మజ్జిగ ఎన్ని గ్లాసుల మీద ఉన్నావు?"

"ఆరు."

"రేపట్నుంచి అయిదున్నర" అని పెట్టేశాడు.