హీటరు దోషనిర్ణయము

కారు ముందరి పలకపై ఇంజను దీపము వెలిగి, స్కానరు తగిలింపగా పి 0135 అను సంకేతము కనబడినప్పుడు, షెడ్డులో తరచుగా వినబడు తీర్పు ‘ఆక్సిజన్ సెన్సారు పోయినది, మార్చవలె’ ననునది. ఆ సంకేత మంత మాట యనలేదు. మొదటి సెన్సారును వేడిచేయు హీటరు సర్క్యూటునందు ఎచ్చటనో దోషము గలదని మాత్రమే అది తెలుపును. ఫ్యూజు, రిలే, తీగలు, కప్లరు, హీటరు, తుదకు ఇంజను కంప్యూటరులోని స్విచ్చు, వీనిలో దోషి ఏదియో తేల్చుట మెకానిక్కు బుద్ధికి విడువబడిన కార్యము. ఆ కార్యమునకు ఒక క్రమము, ఆ క్రమమునకు ఒక తర్కము గలవు.

సెన్సారునకు వేడి యేల? బాష్ సంస్థ నిర్మింపగా 1976లో వోల్వో కార్లలో తొలిసారి చేరిన ఈ పరికరమునకు జిర్కోనియా అను పింగాణి ప్రాణము. దానికి ఒకవైపు ఇంజను పొగ, వేరొకవైపు బయటి గాలి. ఆ రెంటియందలి ఆక్సిజన్ తారతమ్యము వోల్టేజిగా ప్రకటితమగును. పొగలో ఆక్సిజన్ మిగిలినచో సుమారు 0.1 వోల్టు, పెట్రోలు అధికమైనచో సుమారు 0.9 వోల్టు. అయితే దాదాపు 300 డిగ్రీల వేడి సోకనిదే ఆ పింగాణి నోరు విప్పదు. జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ పందొమ్మిదవ శతాబ్ది చివర జిర్కోనియా కడ్డీతో దీపము చేసినప్పుడును ఇదే చిక్కు: చల్లని కడ్డీలో విద్యుత్తు ప్రవహింపకపోవుటచే, దానిని ముందుగా వేడిచేయు ఏర్పాటు వేరుగా కావలసివచ్చెను. నేటి సెన్సారు వోల్టేజిని లెక్కగట్టు సమీకరణము సైతము ఆయన పేరిటిదే.

పొగ వేడిమినే నమ్ముకొనిన తొలినాటి సెన్సార్లు ఇంజను చల్లగానున్నంతసేపు మౌనముగా నుండెడివి. తరువాత వచ్చిన హీటరు ఆ మౌనకాలమును మిక్కిలి తగ్గించినది. కావుననే హీటరు చెడినను కారు ఆగిపోదు. దూరప్రయాణములో పొగయే సెన్సారును కాచుచుండును గనుక యజమానికి లోపము తోచదు. ఉదయము బండి తీసిన కొంతసేపు, సిగ్నళ్ళవద్ద నిలిచినప్పుడు మాత్రము కంప్యూటరు సెన్సారు సాక్ష్యము లేక అంచనాతో పెట్రోలు పోయుచు, పొగను కలుషిత మొనర్చుచుండును.

పరీక్ష ఫ్యూజుతో ఆరంభింపవలెను. ముందు సెన్సారునకును వెనుక సెన్సారునకును ఒకే ఫ్యూజు ఉండుట కలదు. ఆ రెండు హీటర్లకును ఒక్కసారే సంకేతములు వచ్చినచో, రెండును ఒకేనాడు చెడెననుటకంటె ఉమ్మడి ఫ్యూజునో రిలేనో శంకించుట న్యాయము. కాలిన ఫ్యూజు దొరికినంతమాత్రమున నిదానము ముగియదు. అది యేల కాలినదో, తీగ సైలెన్సరు గొట్టమునకు ఒరసికొని కరగినదేమో చూడవలెను.

పిదప ఇంజను పూర్తిగా చల్లారిన వెనుక కప్లరు విప్పి, సెన్సారువైపు హీటరు తీగల రెంటి నడుమ మల్టీమీటరుతో నిరోధము కొలువవలెను. నాలుగు తీగల సెన్సార్లలో ఒకే రంగు గలవి రెండున్నచో సాధారణముగా అవియే హీటరు తీగలు. నిరోధము కొన్ని ఓముల నుండి పది, పదునైదు ఓముల వరకు నుండవచ్చును. సరియైన అంకె తయారీదారుని పుస్తకములో నుండును. వేడిమితో నిరోధము పెరుగును గనుక వేడి సెన్సారుపై తీసిన కొలత ఆ అంకెకు సరిపోదు. మీటరు అనంతము చూపినచో హీటరు తెగినది. సున్నకు చేరువైనచో లోపల షార్టయినది.

హీటరు సరిగా నున్నచో బండివైపు తీగలను విచారింపవలెను. కొన్ని కార్లలో ఇంజను నడచునప్పుడు మాత్రమే ఇచ్చటికి విద్యుత్తు వచ్చును. ఇచ్చట మల్టీమీటరు మోసగించుట కలదు: ఒక్క పోగుపై నిలిచిన తీగ సైతము దానికి నిండు 12 వోల్టులు చూపును. చెదలు తిన్న కఱ్ఱవంతెనపై పిల్లి నడచిపోవును గాని, ధాన్యపు బండి దాటజాలదు. కావున అనుభవజ్ఞుడు మీటరుతో తృప్తిపడక, 21 వాట్ల ఇండికేటరు బల్బును ఆ రెండు తీగల నడుమ కలిపి చూచును. దాదాపు హీటరంత కరెంటు తీసికొను ఆ బల్బు బాగుగా వెలిగినను, వెలుగుచు ఆరుచున్నను సరఫరా, ఎర్తు రెండు వైపులును క్షేమమే. ఏలయన కంప్యూటరు పెక్కు కార్లలో హీటరు ఎర్తును విడతలు విడతలుగా కలుపును. మసకగా వెలిగినచో తీగలోనో కప్లరు పిన్నులోనో బలము తగ్గినది. అసలు వెలుగనిచో, బల్బు ఎర్తువైపు కొసను బ్యాటరీ ఎర్తునకు కలిపి చూడవలెను. అప్పుడు వెలిగినచో సరఫరా నిర్దోషి, లోపము కంప్యూటరువైపు నున్నది.

సెన్సారు తీగ తెగినచో టంకము పెట్టరాదు, కప్లరులో గ్రీజు పూయరాదు. పెక్కు సెన్సార్లు పోల్చుకొనుటకు కావలసిన బయటి గాలిని తీగల పోగుల సందులనుండియే పీల్చుకొనును. ఆ దారి మూసికొనిపోయినచో హీటరు బాగుపడినను సెన్సారు అబద్ధమాడును.

ఇంత విచారణ పిమ్మట దొరకునది ఒక్కొక్కప్పుడు కొలది రూపాయల ఫ్యూజు. అప్పుడు ‘ఇంతేకదా’ యని కూలి తగ్గింపజూచు యజమాని, పని తెలిసినవానికి శిక్ష విధించి, విచారింపకయే వేల రూపాయల సెన్సారు మార్చువానిని తానే పోషించుచున్నాడు. వెల కట్టవలసినది ఫ్యూజునకు గాదు, సెన్సారు నిర్దోషియని నిరూపించిన ఆ గంటసేపటి తర్కమునకు.