పొగ చూసి చెప్పే ఉస్తాదులు

సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తే కారున్నవాడికి గుండె జారుతుంది. పక్కింటాయన మొదలు పెట్రోలు బంకు కుర్రాడి దాకా అందరిదీ ఒకటే మాట: "హెడ్ గ్యాస్‌కట్ పోయినట్టుంది." ఆ మాట పట్టుకుని హెడ్ విప్పించినవాళ్ళలో కొందరికి అసలు ఆ అవసరమే ఉండదు. హైదరాబాద్‌లో బహదూర్‌పురా నుంచి కిషన్‌బాగ్ మీదుగా అత్తాపూర్ వెళ్ళే దారిలోనో, పాతబస్తీలో మరో మూలనో పాతకాలపు మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి అదే బండి తీసుకెళ్ళండి. ఆయన వెంటనే బానెట్ ఎత్తడు. ముందు అడుగుతాడు. "పొద్దుగాల్నే వస్తదా, దినమంతా వస్తదా? రేడియేటర్ల నీళ్ళు తగ్గుతున్నయా?" ఈ రెండు ప్రశ్నలతోనే సగం సంగతి తేలిపోతుంది.

ఈ విద్యకు బడి లేదు. పది-పదకొండు పానా అందించడంతో మొదలుపెట్టిన శాగిర్ద్ (శిష్యుడు), ఉస్తాద్ వెనకాల నిలబడి చూసి, వాసన పట్టి, చెవి ఒగ్గి నేర్చుకుంటాడు. పాతబస్తీలోనే చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అలాంటి బండ్ల కాలంలో లోపాలు చదివే స్కానర్లు లేవు. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పేవి చప్పుడు, వేడి, పొగ మాత్రమే. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో దాని స్థాపకుడు సుధాకర్ తన చేతులతో తయారుచేసిన చిత్రమైన కార్లను చూసి ముచ్చటపడేవాళ్ళు, ఆ చుట్టుపక్కల షెడ్లలో రోజూ జరిగే ఈ చేతిపనిని కూడా ఓసారి చూడాలని నాకనిపిస్తుంది.

అసలు తెల్ల పొగంతా జబ్బు కాదు. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరై పోతుంటుంది, మనకు కనబడదు. సంక్రాంతి ముందు చలి పొద్దున సైలెన్సర్ చల్లగా ఉంటుంది కనుక ఆ ఆవిరి తెల్లగా కనబడుతుంది, పైపు చివర నీటిచుక్కలు రాలతాయి. సీఎన్‌జీలో హైడ్రోజన్ పాలు ఇంకా ఎక్కువ, అందుకే క్యాబుల్లో, ఆటోల్లో ఈ ఆవిరి మరికాస్త కనబడుతుంది. పైపు దాటి రెండు మూడు అడుగులు పోయేసరికి మాయమవుతుంది, సైలెన్సర్ వేడెక్కాక ఆగిపోతుంది, వాసన ఉండదు. దీనికి మందు అక్కర్లేదు.

భయపడాల్సింది రెండో రకం తెలుపుకి. ఇంజన్ బాగా వేడెక్కినా ఆగదు. దట్టంగా వచ్చి, ఎండలో కూడా గాలిలో వేలాడుతుంది. కొంచెం తియ్యటి వాసన. ఆ తీపి రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్‌ది. అది విషం, కాబట్టి కూలెంట్‌ను వేలితో అద్ది నాలుక మీద వేసుకుని చూడొద్దు. వాసన కూడా ఆరుబయటే చూడాలి. పొగతోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, తలుపు మూసిన షెడ్డులో అది ప్రాణం తీస్తుంది.

కూలెంట్ సిలిండర్‌లోకి ఎలా వస్తుంది? చాలా ఇంజన్లలో పైనుండే హెడ్ అల్యూమినియంది, కింది బ్లాకు పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మామూలు వేడిలో ఆ తేడాను మధ్యనున్న గ్యాస్‌కట్ భరిస్తుంది. మే నెల ట్రాఫిక్‌లో నీళ్ళు అయిపోయి టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయిందనుకోండి, హెడ్ వంగుతుంది, గ్యాస్‌కట్ నలుగుతుంది, నీళ్ళు దారి వెతుక్కుంటాయి.

దీన్ని తేల్చడానికి ఉస్తాద్ చేసే పరీక్షల్లో చాలావాటికి ఖర్చు లేదు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయిస్తాడు. ఆగకుండా బుడగలొస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తున్నట్టే. స్టార్ట్ చేసిన కాసేపటికే, నీళ్ళింకా వేడెక్కకముందే, పై హోసు రాయిలా బిగుసుకున్నా అదే అనుమానం. డిప్‌స్టిక్ తీసి చూస్తాడు. ఆయిల్ ఇరానీ చాయ్ రంగుకి తిరిగిందంటే నీళ్ళు కలిశాయి. అయితే ఆయిల్ మూత అడుగున మాత్రమే కాస్త మీగడ ఉంటే కంగారు వద్దు, చలికాలంలో బండిని సందు చివరి దాకే తిప్పేవాళ్ళకు అది మామూలే. తర్వాత ప్లగ్గులు విప్పి వరసగా పెడతాడు. మూడు గోధుమ రంగులో ఉండి ఒకటి కడిగినట్టు తెల్లగా ఉంటే, నీళ్ళు కాలుతున్నది ఆ సిలిండర్‌లోనే. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ కంప్రెషన్ పడిపోతే గ్యాస్‌కట్ ఆ రెండింటి నడుమ తెగిందని లెక్క. రేడియేటర్ నోట్లో పెట్టే నీలిరంగు మందు ఒకటుంది, కార్బన్ డయాక్సైడ్ తగిలితే పసుపుకు మారుతుంది. ఇన్ని సాక్ష్యాలు కుదిరాకే హెడ్ విప్పాలి.

ఆయిల్ కాలితే వచ్చేది నీలి పొగ. ఎండలో చాలామంది దాన్నీ తెల్లదే అనుకుంటారు. పైపు ముందు తెల్ల కాగితం కాసేపు పట్టుకుంటే తెలుస్తుంది: నీటి తడి ఆరిపోతుంది, ఆయిల్ మరక మిగిలిపోతుంది. అప్పుడు చూడాల్సింది రింగులు, వాల్వ్ సీళ్ళు, టర్బో. డీజిల్ బండి కళ్ళు మండించే తెల్ల పొగ విడిస్తే అది మండని డీజిల్: నాజిల్, హీటర్ ప్లగ్, టైమింగ్ చూడాలి.

ఈ సంప్రదాయంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. బండి హీటెక్కితే థర్మోస్టాట్ పీకేయడం వాటిలో మొదటిది. ముల్లు దిగుతుంది, ఓనరు సంతోషిస్తాడు, కానీ ఇంజన్ ఉండాల్సిన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. కారే రేడియేటర్‌లో పసుపు పోయడం దారి మధ్యలో చిక్కుకున్నవాడికి చెల్లుతుంది, షెడ్డులో చెల్లదు. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, హెడ్ బోల్టులను చేతి అంచనాతో బిగించడం. చాలా ఇంజన్లలో హెడ్ వంపు 0.05 మిల్లీమీటరు దాటితే మెషీన్ మీద ఫేసింగ్ చేయించాల్సిందే, అది వెంట్రుక మందం కన్నా తక్కువ. అంత సన్నని లెక్క ఉన్నచోట టార్క్ రెంచి కావాలి, మధ్య నుంచి బయటికి కంపెనీ చెప్పిన వరసలో బిగించాలి. అలాగే స్కానర్‌ను ఎగతాళి చేసే ఉస్తాద్ కూడా నష్టపోతాడు. ఏ సిలిండర్ సరిగా మండటం లేదో అది క్షణంలో చెబుతుంది. ఎందుకు మండటం లేదో తేల్చడానికి మాత్రం మళ్ళీ ప్లగ్గు చూసే కన్ను, వాసన పట్టే ముక్కు కావాలి.

తెల్ల పొగకు వరదనీళ్ళూ ఒక కారణమే. 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీలో ఎన్నో కార్లు మునిగాయి. అలా మునిగిన బండికి తాళం తిప్పడమే తప్పు. నీటిని నొక్కలేం, సిలిండర్‌లో నిలిచిన నీళ్ళ మీదికి పిస్టన్ లేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గులు విప్పి నీళ్ళు బయటికి పంపాలి, ఆయిల్ మార్చాలి. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లో మిగిలిన తడి కాసేపు తెల్లగా పొగలా వచ్చి పోతుంది.

మీ బండి తెల్ల పొగ విడుస్తుంటే రోజూ పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ సీసా గీత చూసి రాసుకోండి. ఆ కాగితం ఉస్తాద్‌కు చాలా పనికొస్తుంది. పొగతోపాటు ముల్లు కూడా పైకి పోతుంటే ఇంటిదాకా లాక్కెళ్ళొద్దు. అక్కడే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. వేడి తగ్గేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. టోయింగ్ ఖర్చు హెడ్ పని ఖర్చుకంటే ఎప్పుడూ తక్కువే.