పన్నెండడుగుల వాకిలి

హాకీ గోల్ కొలతలు వడ్రంగుల లెక్కలో చెప్పుకుంటే సులువుగా గుర్తుంటాయి. అడ్డం పన్నెండడుగులు, ఎత్తు ఏడడుగులు. అడుగున పక్కలకూ వెనకా పద్దెనిమిది అంగుళాల పలక. బంతి వెళ్లి ఆ పలకకు ఠక్కున తగిలితే గోల్. ఆ చప్పుడు వినబడకుండా చూసుకోవడమే గోల్‌కీపర్ పని. తిరుపతి జిల్లా యర్రావారిపాళెం మండలం ఎనుములవారిపల్లిలో వడ్రంగి ఇంట పుట్టిన ఇతిమరపు రజని ఆ వాకిలికి కాపలా కాస్తూనే భారత జట్టుతో దేశదేశాలు తిరిగింది.

శ్రీకాళహస్తి నుంచి తిరుపతి దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి తలకోన జలపాతానికి వెళ్లేవాళ్లు ఆమె మండలం మీదుగానే వెళతారు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో సాయంత్రం పూట బడి వెనక వాలీబాల్ నెట్ కట్టడం మామూలే. హాకీ కర్ర పట్టిన పిల్లలు మాత్రం అరుదు. కాబట్టి వాలీబాల్ నుంచే ఒక పోలిక చెప్పుకుందాం. 1998 నుంచి అంతర్జాతీయ వాలీబాల్‌లో లిబెరో అని ఒకరు వేరే రంగు చొక్కాతో దిగుతారు. స్మాష్ కొట్టి పాయింటు తేవడం ఆ మనిషి వంతు కాదు, వచ్చిన బంతిని నేల తాకనివ్వకుండా ఎత్తడమే వంతు. హాకీలోనూ గోల్‌కీపర్ చొక్కా వేరు, పని వేరు. కొట్టినవాళ్ల పేరు మర్నాడు పేపర్లో ఉంటుంది. ఆపినవాళ్ల లెక్క ఎవరూ రాసుకోరు.

ఈ విద్య మైదానంలో అడుగుపెట్టక ముందే మొదలవుతుంది. మిగతావాళ్లు షూ లేసు కట్టుకుంటే తయారైపోతారు, గోల్‌కీపర్‌కు అది కుదరదు. ముందు లోపలి రక్షణ కవచాలు, దళసరి నిక్కరు. తర్వాత షూ మీద కిక్కర్లు, కాళ్లకు మందపాటి ఫోమ్ ప్యాడ్లు. బకిల్స్ కాలికి బయటి వైపే ఉండాలి. లోపలి వైపుంటే పరుగెత్తేటప్పుడు ఒకదానికొకటి తగులుకుంటాయి. ఆపైన ఛాతీకీ చేతులకూ గొంతుకూ కవచం, తలకు హెల్మెట్, చివరగా చేతులకు గ్లౌజులు. ఎడమ చేతి గ్లౌజు పలకలా చదునుగా ఉంటుంది, బంతిని పట్టుకోవడానికి కాదు, అడ్డుకోవడానికి. కుడి చేతి గ్లౌజు లోపల కర్ర. ఇంత బరువుతో మోకాళ్లు వంచి, మునివేళ్ల మీద నిలబడి, డెబ్బై గజాల అవతల ఉన్న బంతి మీద కూడా చూపు తప్పకుండా గంటసేపు గడపాలి.

అసలు కిటుకు తాడుతో తెలుస్తుంది. శిక్షణలో ఒక పద్ధతి ఉంది. రెండు గుంజలకూ రెండు తాళ్లు కట్టి, వాటి కొనలు బంతి దగ్గర కలుపుతారు. నేల మీద ఒక త్రికోణం ఏర్పడుతుంది. బంతి గోల్‌కు 12 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కీపర్ గీత మీదే నిలబడితే 3.66 మీటర్ల వెడల్పంతా కాయాలి. మూడు మీటర్లు ముందుకు వస్తే తాళ్ల మధ్య దూరం 2.75 మీటర్లకు తగ్గుతుంది. మనిషి పెరగలేదు, వాకిలే చిన్నదైంది. మరీ ముందుకొస్తే తప్పించుకుని పోయే ప్రమాదం, వెనకే ఉండిపోతే మూలలు తెరుచుకునే ప్రమాదం. బంతి పక్కకు జరిగిన ప్రతిసారీ ఆ కనబడని తాళ్లూ జరుగుతాయి, కీపర్ చిన్న చిన్న అడుగులతో వాటి నడిమధ్యకు చేరాలి. ఇంతా జరిగేది రెప్పపాటులో. గోల్ ముందుండే షూటింగ్ సర్కిల్ అంచు 14.63 మీటర్ల దూరం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో అక్కడి నుంచి కొట్టిన బంతి సెకనులో మూడింట రెండు వంతులు గడవక ముందే గోల్ దగ్గరుంటుంది.

సర్కిల్‌లో తప్పు జరిగితే ఎదుటి జట్టుకు దక్కే పెనాల్టీ కార్నర్ మరో రకం పరీక్ష. కాపు కాసేది కీపర్‌తో కలిపి ఐదుగురే. నేరుగా గట్టిగా కొట్టే మొదటి హిట్టు పలక ఎత్తుకు మించకూడదని నియమం, కర్రతో బంతిని తోసి లేపే ఫ్లిక్‌కు ఆ అడ్డు లేదు. అందుకే ఎదుటి మనిషి హిట్ చేసేలా ఉంటే కీపర్ దుంగలా నేలకు అడ్డం పడి దారి మూసేస్తుంది. ఫ్లిక్ చేసేలా ఉంటే నిలబడే ఉండాలి. ఆ నిర్ణయం తప్పితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. ఆపాక కూడా పని అయిపోదు. కాలి లోపలి వైపుతో బంతిని పక్క గీత వైపు తన్నాలి, నడిమధ్యకు తన్నితే ఇంకో షాటు పిలిచి తెచ్చుకున్నట్టే. ఇవన్నీ చేస్తూ గొంతు ఆడుతూనే ఉండాలి. మైదానమంతా ముఖాముఖి కనబడేది తనకే కనుక, ఎవరి వెనక ఎవరున్నారో అరిచి చెప్పాల్సిందీ తనే.

ఇక షూటౌట్. 23 మీటర్ల గీత నుంచి ఒక్క ఆటగత్తె బంతితో వస్తుంది, ఎనిమిది సెకన్లలో ముగించాలి. ఇక్కడ కాలం కీపర్ పక్షం. తొందరపడి కిందపడిన కీపర్ ఓడిపోతుంది. నిలబడి, కదిలి, పక్కకు తరిమి, సెకన్లు కరిగించిన కీపర్ గెలుస్తుంది. 2017లో జపాన్‌లోని గిఫులో ఆసియా కప్ ఫైనల్ ఇలాగే తేలింది. చైనాతో 1-1తో సమమయ్యాక షూటౌట్‌లో 5-4తో మనవాళ్లు గెలిచారు. ఆ జట్టులో రజని ఉంది. గోల్‌లో నిలబడింది మాత్రం సవిత.

రజని ఆట జీవితంలో కీలకం ఇదే. హర్యానా అమ్మాయి సవితా పూనియా పుట్టింది 1990 జులైలో, రజని అదే ఏడాది జూన్‌లో. ఇద్దరి మధ్యా నెల రోజుల తేడా. 2021, 2022, 2023లలో వరసగా ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు సవితకే వచ్చింది. ఫార్వర్డులు ముగ్గురు నలుగురు ఆడతారు, అలసితే మారుస్తారు. గోల్‌కీపర్ స్థానం ఒక్కటే. 2018లో కామన్వెల్త్ క్రీడలు, లండన్ ప్రపంచకప్, రజతం తెచ్చిన జకార్తా ఆసియా క్రీడలు, 2022లో కాంస్యం తెచ్చిన బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు, ఇన్నిటి జట్లలోనూ రెండో గోల్‌కీపర్ రజనే. ఒలింపిక్స్‌కు 16 మందే కనుక అక్కడ రెండో కీపర్‌కు చోటు దొరకడమే కష్టం. 36 ఏళ్ల తర్వాత భారత మహిళలు అడుగుపెట్టిన రియోకూ, నాలుగో స్థానం తెచ్చిన టోక్యోకూ ఆమె రిజర్వ్.

రిజర్వ్ అంటే ఖాళీగా కూర్చోవడమనుకునేవాళ్లు ఒకసారి మన కలంకారీ పనివాళ్లను చూడాలి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెట్టాకే కలం పట్టేది. పూర్తయిన బొమ్మలో ఆ పాలు కనబడవు, అవి లేకుంటే రంగు నిలవదు. టోక్యో క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌తో కొట్టిన ఒకే ఒక్క గోల్ దేశమంతా చూసింది. అలాంటి షాట్లు పదును తేలేది శిక్షణ శిబిరాల్లో. అక్కడ వాటికి ఎదురు నిలిచేది మన జట్టు కీపర్లే. ఆ ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో వెయ్యి గజాల స్థలం, ఉద్యోగం, నెలకు 40 వేలు ప్రకటించింది. దక్కాల్సిన గౌరవమే అది.

ఆ తర్వాత వంతు వచ్చింది. 2022లో లొజాన్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ పోటీలోనూ, 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లోనూ భారత కెప్టెన్ రజని. జట్టుకు ఐదుగురే, మైదానం చిన్నది, చుట్టూ బోర్డులు, సర్కిల్ లేదు. ఎక్కడి నుంచైనా గోల్ కొట్టొచ్చు. అంటే కీపర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి లేదు, తాళ్ల లెక్క అనుక్షణం మారుతుంది. సెమీస్‌లో దక్షిణాఫ్రికాను 6-3తో దాటి, ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి, రజతంతో తిరిగొచ్చారు. ఏడు సార్లు వెనక పలక మోగినా, ప్రపంచకప్ ఫైనల్లో భారత కెప్టెన్‌గా ఆ వాకిట్లో నిలబడింది మా తలకోన పక్క పల్లె పిల్ల.

ఈ జిల్లాలో బళ్ల వెనక వాలీబాల్ గుంజలున్న చోట ఇంకో రెండు గుంజలు పాతడానికి స్థలం ఉంది. పన్నెండడుగుల ఎడం, ఏడడుగుల ఎత్తు, కింద పద్దెనిమిది అంగుళాల పలక, ఒక తాళ్ల చుట్ట. ఊరి వడ్రంగికి అది పెద్ద పనేమీ కాదు.