ఎండకే పూసే చెట్లు

వేసవిలో వాతావరణ వార్తలు పెడితే మండే ఎండలకు పల్నాటి రెంటచింతల పేరు వినపడాల్సిందే. ఆ ఎండల్లోనే పల్నాటి గుట్టలు పూస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, కొండగోగు. ఏప్రిల్, మేలో రేల. మోదుగ, కొండగోగు ఆకంతా రాల్చేశాక పూస్తాయి. ఆకు ఉంటే దాని గుండా నీరు ఆవిరైపోతుంది. ఆ ఖర్చు మానుకుని, దాచుకున్న బలాన్ని పూతకు పెడతాయి. ఇంటి ముందు, బడి ఆవరణలో పూలచెట్టు కావాలనుకునేవాళ్లు నర్సరీకి వెళ్లేముందు ఈ గుట్టల వైపు చూడాలి.

తురాయి అందం కాదనను. మడగాస్కర్ నుంచి వచ్చి మన ఎండకు బాగానే అలవాటు పడింది. కానీ దాని వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. ఈదురుగాలికి విరిగి పడే చెట్టును గోడ పక్కన, కరెంటు తీగల కింద పెట్టకూడదు.

నేలను బట్టి చెట్టును ఎంచుకోవాలి. నరసరావుపేట వైపు నల్లరేగడి వానకు నీరు పట్టి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి సన్నవేళ్లను తెంపేస్తుంది. దాన్ని తట్టుకోవడంలో మోదుగ గట్టిది. దాని తల్లివేరు కదిలిస్తే ఓర్చుకోదు కనుక గింజను చెట్టు ఉండాల్సిన చోటే వేయాలి. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు చాలాచోట్ల జానెడు మట్టి కింద సున్నపురాయి పలక తగులుతుంది. గునపంతో ఆ పలకను పగలగొట్టకుండా నాటితే నీరు గుంటలోనే నిలిచి వేరు కుళ్లుతుంది. రాతి సందుల్లో పెరగడం అలవాటైన కొండగోగు ఇక్కడ హాయిగా బతుకుతుంది. రేల ఆకును మేకలు పెద్దగా ముట్టవు. అందుకే వీధి పక్కకు అదే మేలు.

గుంట మూడడుగుల లోతు, అంతే వెడల్పు ఉండాలి. మే నెలలోనే తవ్వి ఎండనివ్వాలి. పైమట్టి, చెరువు మట్టి, చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపి, మృగశిర కార్తెలో వానలు పడ్డాక మొక్కను, మోదుగకైతే గింజను, నాటాలి.

అసలు పరీక్ష మొదటి రెండు వేసవులు. రోజూ చెంబెడు నీళ్లు పోస్తే వేరు పైనే ఉండిపోతుంది. దానికన్నా కుండ పద్ధతి మంచిది. రంగు వేయని మట్టికుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూకుడు మూయాలి. చుట్టూ మట్టి ఆరినకొద్దీ కుండ చెమ్మ వదులుతుంది. వేరు ఆ చెమ్మను వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. చైనా రైతులకు ఈ పద్ధతి రెండు వేల ఏళ్ల నాడే తెలుసు. పాదులో వేరుశనగ పొట్టో వరిగడ్డో పరిచి, పడమటి ఎండకు తాటాకు అడ్డం పెడితే చాలు. చెట్టు నిలదొక్కుకున్నాక వేసవి నీళ్లు తగ్గించాలి. అతిగా తడిపితే ఆకు పెరుగుతుందే కాని పూత పలచబడుతుంది.

రేల పూయడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే ఆలస్యం వద్దు. ఈ వేసవిలో నల్లబడిన రేలకాయ దొరికితే గింజల్ని గరుకు రాతి మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి, మట్టి నింపిన కవర్లలో వేయండి. వచ్చే ఏడు తొలకరికి మీ వీధికి సరిపడా మొక్కలు చేతికొస్తాయి.